ఎండు తెగులుకు నారుమడిలోనే అడ్డుకట్ట: కూరగాయల సాగులో వేరు శిలీంధ్రాల పాత్ర

టమాటా తోట పూతకు వచ్చి, తొలి కాయలు గోళీ పరిమాణానికి చేరే దశలో ఎండు తెగులు బయటపడుతుంది. అప్పటికి విత్తనం, నారు, దుక్కి, ఎరువులు, కలుపుతీత, ఊతకర్రలు అన్నింటి ఖర్చూ పూర్తయి ఉంటుంది. రాబడి మాత్రం మొదలై ఉండదు. మధ్యాహ్నం వాలిన ఆకులు సాయంత్రానికి తేరుకోవడం చూసి నీరు చాలలేదని మరొక తడి ఇవ్వడం, మూడు నాలుగు రోజుల తరువాత మొక్క ఇక లేవకపోవడంతో మందుల దుకాణానికి వెళ్ళడం, అక్కడ ఇచ్చిన శిలీంధ్రనాశినిని మొదళ్ళలో పోయడం ఏటా జరిగే వరుస. ఇటీవల ఈ వరుసలో మరొకటి చేరింది. 'వామ్' లేదా మైకోరైజా అనే పేరుతో లభించే జీవన ఎరువును కూడా వడలిన మొక్కల మొదళ్ళలో పోస్తున్నారు. వడలిన మొక్క దానితో లేవదు. ఆ అనుభవంతో ఆ శిలీంధ్రమే పనికిరానిదన్న అభిప్రాయం స్థిరపడుతోంది.

శిలీంధ్రంలో లోపం లేదు. లోపం వాడిన సమయంలో ఉంది. మైకోరైజా తెగులుకు చికిత్స చేసే మందు కాదు. తెగులు కారకం వేరును చేరుకునే నాటికే అది వేరులో స్థిరపడి ఉండాలి. అందుకు మూడు నుండి నాలుగు వారాల వ్యవధి కావాలి. టమాటా, వంగ, మిరప నారు మడిలో గడిపే కాలం దాదాపు అంతే. ఈ రెండు కాలాలూ ఒకదానితో ఒకటి సరిపోవడం కూరగాయల రైతుకు కలిసివచ్చిన అవకాశం. దానిని జారవిడిస్తే పొలంలో ఎంత ఖర్చు చేసినా అదే ఫలితం రాదు.

ముందుగా తెగులును గుర్తించడం

ఎండు తెగులు అనే ఒకే పేరుతో వ్యవహరించే లక్షణం వెనుక వేర్వేరు కారణాలు ఉంటాయి. వాటిలో ముఖ్యమైనవి మూడు. ఏది ఉందో తెలియకుండా చేపట్టే చర్య గాలిలో రాయి విసరడమే అవుతుంది.

మొదటిది ఫ్యుజేరియం ఆక్సిస్పోరం అనే శిలీంధ్రం. ఇది సోకిన టమాటాలో ముందుగా కింది ఆకులు పసుపు రంగుకు మారుతాయి. తరచుగా మొక్కకు ఒక పక్కనున్న ఆకులు, ఒక్కోసారి ఒకే ఆకులో సగభాగం మాత్రమే పసుపు బారడం దీని ప్రత్యేక లక్షణం. మొదలు వద్ద కాండాన్ని నిలువుగా చీల్చితే నీటి నాళాలు గోధుమ రంగులో చారలుగా కనిపిస్తాయి. తెగులు నెమ్మదిగా సాగుతుంది. నేల ఉష్ణోగ్రత 28 డిగ్రీల సెల్సియస్ చుట్టూ ఉన్నప్పుడు, నేల ఆమ్ల స్వభావం కలిగి ఉన్నప్పుడు, నత్రజనిని ఎక్కువగా అమ్మోనియం రూపంలో అందించినప్పుడు ఉధృతి పెరుగుతుంది.

రెండవది రాల్‌స్టోనియా సోలనేసియారం అనే బాక్టీరియా. దీనిలో ఆకులు పసుపు బారడానికి కూడా వ్యవధి ఉండదు; మొక్క పచ్చగా ఉండగానే తల వాలుస్తుంది. దీనిని పొలంలోనే నిర్ధారించవచ్చు. మొదలుకు దగ్గరగా ఒక అంగుళంన్నర కాండం ముక్కను కోసి, గాజు గ్లాసులోని తేట నీటిలో కోసిన కొన మునిగేటట్లు కదలకుండా పట్టుకుంటే, కొద్ది నిమిషాల్లో పాల వంటి తెల్లని ధార దారంలా కిందికి జారుతుంది. ఫ్యుజేరియం సోకిన కాండం నుండి ఇటువంటి ధార రాదు. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్షను చేయకుండానే వేల రూపాయల మందులు కొనడం విచారకరం.

మూడవది వేరుముడి నులిపురుగులు. మొక్కను పెరికి చూస్తే వేర్లపై ఉబ్బులు, ముడులు కనిపిస్తాయి. ఇవి స్వయంగా మొక్కను గిడసబార్చడమే కాక, వేర్లకు చేసిన గాయాల ద్వారా పై రెండు కారకాలకు దారి తెరుస్తాయి. నులిపురుగులు ఉన్న నేలలో ఎండు తెగులు తీవ్రంగా ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఈ విభజన పంట మార్పిడికి కూడా అవసరం. ఫ్యుజేరియంలో ఒక్కొక్క పంటకు ఒక్కొక్క ప్రత్యేక రూపం ఉంటుంది. టమాటాను ఎండబెట్టే రూపం వేరు, వంగను ఎండబెట్టే రూపం వేరు. రాల్‌స్టోనియా అలా కాదు. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప అన్నింటినీ ఆశిస్తుంది. బాక్టీరియా తెగులు వచ్చిన మడిలో టమాటా తీసివేసి వంగ వేస్తే పంట మారినట్లు కనిపిస్తుంది గాని తెగులుకు ఆతిథ్యం మారదు.

వేరుతో సహజీవనం

మైకోరైజా అనే పదాన్ని 1885లో జర్మనీకి చెందిన వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్నార్డ్ ఫ్రాంక్ ప్రవేశపెట్టారు. గ్రీకు భాషలో శిలీంధ్రం, వేరు అనే రెండు మాటల కలయిక అది. ట్రఫుల్ అనే ఖరీదైన భూగర్భ పుట్టగొడుగును సాగు చేయడం సాధ్యమా అని పరిశీలించే పనిని ప్రష్యా ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. అడవి చెట్ల వేర్లను పరిశీలిస్తున్నప్పుడు వాటిని శిలీంధ్రం తొడుగులా కప్పి ఉండటం, అయినా చెట్లు ఆరోగ్యంగా ఉండటం ఆయన గమనించారు. శిలీంధ్రమంటే తెగులేనని భావించే కాలంలో అది కొత్త ఆలోచన.

కూరగాయ పంటల్లో ఉండే వేరు శిలీంధ్రాలు అడవి చెట్లపై కనిపించే వాటికి భిన్నమైనవి. ఇవి వేరుపై తొడుగులా ఏర్పడవు. వేరు పొరల్లోనికి చొచ్చుకొని, కణాల లోపల చెట్టు కొమ్మల్లా అతి సన్నగా చీలిన నిర్మాణాలను ఏర్పరుస్తాయి. వీటినే అర్బస్క్యూల్స్ అంటారు. మొక్కకూ శిలీంధ్రానికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడం అక్కడే జరుగుతుంది. కొన్ని జాతులు వేరు లోపల నూనె నిల్వ చేసే తిత్తులను, అంటే వెసికిల్స్‌ను కూడా ఏర్పరుస్తాయి. ఈ రెండు పేర్ల తొలి అక్షరాల నుండే 'వామ్' అన్న వ్యవహారం పుట్టింది. అన్ని జాతుల్లోనూ తిత్తులు ఉండవు కనుక శాస్త్రజ్ఞులు ఇప్పుడు అర్బస్క్యులార్ మైకోరైజా అనే అంటున్నారు. రైతుల నోట మాత్రం 'వామ్' నిలిచిపోయింది. గ్లోమస్, రైజోఫేగస్, ఫన్నెలిఫార్మిస్, గిగాస్పోరా, అకాలోస్పోరా వీటిలో ప్రధాన ప్రజాతులు.

ఈ సహజీవనం సుమారు 40 కోట్ల సంవత్సరాల నాటిదని స్కాట్లండ్‌లోని రైనీ వద్ద లభించిన శిలాజాలు తెలియజేస్తున్నాయి. నేలపై మొక్కలు స్థిరపడుతున్న తొలి దశలోనే ఈ బంధం ఏర్పడిందన్న మాట. మొక్క తాను తయారు చేసుకున్న పిండిపదార్థంలో కొంత భాగాన్ని శిలీంధ్రానికి ఇస్తుంది. కొన్ని అంచనాల ప్రకారం ఇది 20 శాతం వరకు ఉంటుంది. అందుకు బదులుగా శిలీంధ్రం భాస్వరం, జింకు, రాగి వంటి సులభంగా కదలని పోషకాలను నేల నుండి తెచ్చి ఇస్తుంది. వేరు నూగు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరం మాత్రమే అందుకోగలదు. శిలీంధ్రపు పోగులు అనేక సెంటీమీటర్ల దూరం విస్తరిస్తాయి. నూగు దూరలేని సన్నని మట్టి రంధ్రాల్లోనికి కూడా చొరబడతాయి.

ఈ బంధానికి ఆహ్వానం మొక్క నుండే వెళ్తుంది. భాస్వరం కొరత ఉన్నప్పుడు వేర్లు స్ట్రైగోలాక్టోన్లు అనే పదార్థాలను మట్టిలోనికి విడుదల చేస్తాయి. వాటి స్పర్శతో శిలీంధ్రపు పోగులు విస్తారంగా చీలి వేరు వైపు పెరుగుతాయని జపాను పరిశోధకులు 2005లో నిరూపించారు. పొగాకు మల్లె వంటి పరాన్న కలుపు విత్తనాలు మొలకెత్తేది కూడా ఈ తరగతి పదార్థాల సంకేతంతోనే. మిత్రుణ్ణి పిలిచే కేక శత్రువుకు కూడా వినిపిస్తుందన్న మాట. ఇక్కడ గుర్తుంచుకోవలసిన అంశం ఒకటుంది: భాస్వరం సమృద్ధిగా ఉన్న మొక్క ఈ ఆహ్వానాన్ని దాదాపు నిలిపివేస్తుంది. దీని పర్యవసానం ముందు ప్రస్తావనకు వస్తుంది.

రక్షణ ఎలా కలుగుతుంది

ఫ్యుజేరియం నేలలో మందపాటి గోడలు గల సిద్ధబీజాలుగా అనేక సంవత్సరాలు జీవించగలదు. వేరు సమీపించినప్పుడు అవి మొలకెత్తి, వేరు కొనల ద్వారా గాని గాయాల ద్వారా గాని ప్రవేశించి, నీటి నాళాలను చేరుకుంటాయి. శిలీంధ్రపు పోగులు, మొక్క తన రక్షణ కోసం స్రవించిన జిగురు, నాళాల్లోనికి పొడుచుకు వచ్చిన కణాలు అన్నీ కలిసి నాళాలను మూసివేస్తాయి. నేలలో నీరు ఉన్నా ఆకుకు అందదు. ఒకసారి నాళం మూసుకున్న తరువాత దానిని తెరిచే మందు లేదు. వడలిన మొక్కకు మైకోరైజా ఎందుకు పనిచేయదో దీని నుండే అర్థమవుతుంది. మైకోరైజా వేరు పైపొరల్లో మాత్రమే నివసిస్తుంది. నీటి నాళాల్లోనికి అది ఎన్నడూ ప్రవేశించదు. నాళాన్ని చేరిన శత్రువును అది తరిమివేయలేదు. శత్రువు నాళాన్ని చేరకుండా దారిలో ఆటంకం కల్పించడమే దాని పని.

ఆ ఆటంకం ఒక విధంగా కాక పలు విధాలుగా ఏర్పడుతుంది. వేరు పొరల్లో చోటు, వేరు నుండి లభించే పిండిపదార్థం పరిమితమైనవి. ముందుగా వచ్చినది వాటిని ఆక్రమిస్తే వెనుక వచ్చినదానికి మిగిలేది తక్కువ. దీనిని మించినది మొక్కలో కలిగే మార్పు. మైకోరైజా ప్రవేశించే తొలి దశలో మొక్క దానిని కూడా పరాయి జీవిగానే గుర్తించి, స్వల్పంగా రక్షణ చర్యలు ప్రారంభిస్తుంది. సహజీవనం కుదిరిన తరువాత ఆ చర్యలు తగ్గిపోయినా, మొక్క పూర్తిగా పూర్వస్థితికి రాదు. తరువాత తెగులు కారకం సోకినప్పుడు వేగంగా, బలంగా ప్రతిఘటించే సన్నద్ధత అందులో నిలిచి ఉంటుంది. ఈ సన్నద్ధతలో జాస్మోనిక్ ఆమ్లం అనే హార్మోనుకు ముఖ్యపాత్ర ఉన్నట్లు పరిశోధనలు సూచిస్తున్నాయి.

ఇది వేరులోని ఒక భాగానికే పరిమితమా లేక మొక్క అంతటికీ వ్యాపిస్తుందా అన్న ప్రశ్నకు 1998లో ప్రచురితమైన ఒక ప్రయోగం స్పష్టమైన సమాధానం ఇచ్చింది. టమాటా మొక్క వేర్ల సముదాయాన్ని రెండుగా విడదీసి వేర్వేరు భాగాల్లో పెంచారు. ఒక సగానికి మాత్రమే వేరు శిలీంధ్రాన్ని సోకించి, తరువాత ఫైటోఫ్తోరా అనే వేరుకుళ్ళు కారకాన్ని ప్రవేశపెట్టారు. అర్బస్క్యూల్స్ ఉన్న కణాల్లోనికి వేరుకుళ్ళు కారకం ప్రవేశించలేకపోయింది. వేరు శిలీంధ్రం లేని రెండవ సగంలో కూడా తెగులు తగ్గింది. ఇది వేరుకుళ్ళుకు సంబంధించిన ప్రయోగమే గాని ఎండు తెగులుపై జరిగినది కాదు. అయినా రక్షణ స్పర్శ ఉన్న చోటే కాక మొక్క అంతటా కలుగుతుందని నిరూపించడంలో దీని విలువ ఎక్కువ. ఫ్యుజేరియం విషయంలోనూ, వేరుముడి నులిపురుగుల విషయంలోనూ తెగులు తీవ్రత తగ్గినట్లు అనేక ప్రయోగాలు చూపించాయి. తగ్గుదల ఎంత అన్నది శిలీంధ్ర జాతిని, పంట రకాన్ని, నేలను బట్టి విశేషంగా మారుతుంది. కనుక ఇంత శాతం తగ్గుతుందని పొట్లంపై హామీ ఇచ్చే ప్రకటనలను సందేహంతోనే చూడాలి.

బాక్టీరియా ఎండు తెగులు విషయంలో ఫలితాలు అంత నిలకడగా లేవు. అక్కడ మైకోరైజాను ప్రధాన ఆధారంగా చేసుకోవడం సరైనది కాదు. తట్టుకునే రకాలు, వంగ మూలకాండంపై అంటుకట్టిన టమాటా నారు, నీటి నిర్వహణ ముందు రావాలి. టమాటాలో అర్క రక్షక్, అర్క సామ్రాట్ వంటి సంకర రకాలకు బాక్టీరియా ఎండు తెగులును తట్టుకునే గుణం ఉంది. తెగులు సోకిన బోదె నుండి పారే నీరు పక్క బోదెకు చేరకుండా చూడటం ఏ జీవన ఎరువు కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

నాలుగు కిలోలా, మూడు వందల కిలోలా

ఎకరం టమాటాకు సరిపడే నారు పెంచడానికి 4 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు గల ఎత్తైన మళ్ళు 10 చాలు. అంటే 40 చదరపు మీటర్లు. మట్టి ఆధారంగా తయారైన వేరు శిలీంధ్రపు ఎరువును చదరపు మీటరుకు 100 గ్రాముల చొప్పున వేస్తే మొత్తం 4 కిలోలు అవసరమవుతుంది. అదే శిలీంధ్రాన్ని నారు నాటేటప్పుడు గుంతకు 20 గ్రాముల చొప్పున వేయదలిస్తే, 60 సెంటీమీటర్లు, 45 సెంటీమీటర్ల ఎడంలో ఎకరానికి దాదాపు 15,000 మొక్కలు పడతాయి కనుక 300 కిలోలు కావాలి. ఖర్చులో ఇంత తేడా ఉండగా, ఎక్కువ ఖర్చుతో చేసే పద్ధతిలో శిలీంధ్రం స్థిరపడక ముందే మొక్క తెగులుకు గురయ్యే అవకాశం కూడా ఉంది. నారుమడినే ఎంచుకోవాలనడానికి ఇంతకు మించిన వాదన అక్కరలేదు.

మడిలో వేసే పద్ధతి సులభం. మడిని చదును చేసి, ఎరువును పలుచగా పరచి, దానిపై 2 నుండి 3 సెంటీమీటర్ల మట్టి కప్పి, ఆ మట్టిలో విత్తనం వరుసలుగా వేయాలి. విత్తనం నుండి దిగే తొలి వేరు ఈ పొర గుండానే ప్రయాణించాలి. ఎరువును మడి పైభాగాన చల్లి నీరు పెడితే ప్రయోజనం తక్కువ. సిద్ధబీజాలు యూరియాలా కరిగి కిందికి దిగవు. ఎండ తగిలే చోట వాటిని వదిలివేయడం కూడా మంచిది కాదు.

వేసవిలో నారుమళ్ళను పారదర్శక పాలిథీన్ పట్టాతో నాలుగు నుండి ఆరు వారాలు కప్పి సూర్యరశ్మితో వేడి చేసే పద్ధతిని విశ్వవిద్యాలయాలు సిఫారసు చేస్తున్నాయి. నారుకుళ్ళు, నులిపురుగుల నివారణకు ఇది మంచి పద్ధతి. కాని ఆ వేడికి నేలలో సహజంగా ఉండే వేరు శిలీంధ్రాలు కూడా కొంతవరకు తగ్గుతాయి. అమెరికాలో నిమ్మజాతి నర్సరీల నేలలను రసాయన వాయువులతో శుద్ధి చేసిన తరువాత మొక్కలు గిడసబారిపోయాయి. విషపదార్థాలు మిగిలాయేమోనని మొదట అనుమానించారు. తెగులు కారకాలతో పాటు వేరు శిలీంధ్రాలు కూడా నశించడమే కారణమని 1970ల ప్రారంభంలో తేలింది. పట్టా తీసిన తరువాత, విత్తనానికి ముందు వేరు శిలీంధ్రాన్ని వేస్తే ఈ లోటు తీరుతుంది. పోటీ లేని మట్టిలో అది త్వరగా స్థిరపడుతుంది కూడా.

కొబ్బరిపొట్టు నింపిన ప్రోట్రేల్లో పెంచే నారుకు మరింత శ్రద్ధ అవసరం. మదనపల్లె ప్రాంతంలోనూ ఇతర చోట్లా రైతులు ఇప్పుడు ఎక్కువగా ఇటువంటి నారునే కొంటున్నారు. కొబ్బరిపొట్టులో సహజమైన వేరు శిలీంధ్రాలు దాదాపు ఉండవు. ఆ నారు వేర్లు శుభ్రంగా, తెల్లగా, అందంగా ఉంటాయి. రక్షణ లేకుండా కూడా ఉంటాయి. తెగులు బీజాలు నిండిన పొలంలో వాటిని నాటితే మొదటి పరిచయం శత్రువుతోనే జరుగుతుంది. కొబ్బరిపొట్టులో ముందుగానే వేరు శిలీంధ్రాన్ని, పొట్లంపై సూచించిన మోతాదులో, సమంగా కలపడం అవసరం. అయితే నర్సరీల్లో నారు త్వరగా ఎదగడానికి 19:19:19 వంటి నీటిలో కరిగే ఎరువులను తరచుగా ఇస్తారు. ఆ భాస్వరంతో మొక్క తన ఆహ్వానాన్ని నిలిపివేస్తుంది. కలిపిన శిలీంధ్రం వేరు బయటనే మిగిలిపోతుంది. మైకోరైజా కలిపిన నారుకు భాస్వరం తక్కువగా ఉన్న పోషక ద్రావణం ఇవ్వాలి. ఆ నారు తొలి వారాల్లో కొంత పొట్టిగా కనిపించవచ్చు. నారు ఎత్తును చూసి ధర కట్టే అలవాటు మారనంత కాలం నర్సరీ యజమానులు దీనికి సులభంగా సిద్ధపడరు. రైతు నారు కోసం ముందుగా చెప్పి ఉంచేటప్పుడే ఈ షరతును స్పష్టం చేసుకోవడం మంచిది.

సొంతంగా తయారు చేసుకోవడం

ట్రైకోడెర్మాను గాని, భాస్వరాన్ని కరిగించే బాక్టీరియాను గాని ప్రయోగశాలలో కృత్రిమ పోషక మాధ్యమంపై పెంచవచ్చు. అర్బస్క్యులార్ మైకోరైజా అలా పెరగదు. బతికి ఉన్న వేరు లేకుండా అది తన జీవితచక్రాన్ని పూర్తి చేసుకోలేదు. జన్యుమార్పిడి చేసిన క్యారెట్ వేర్లపై గాజు పాత్రల్లో పెంచే పద్ధతి 1988 నుండి అందుబాటులోకి వచ్చినా, అక్కడ కూడా వేరు తప్పనిసరి. ఈ పరిమితే రైతుకు ఒక సౌకర్యం. ప్రయోగశాల లేకున్నా మొక్కజొన్న వేర్లపై దీనిని పొలంలోనే వృద్ధి చేయవచ్చు.

తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సూచించిన పద్ధతి ఇందుకు అనుకూలంగా ఉంటుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు గల గుంత తీసి, లోపల నల్ల పాలిథీన్ పట్టా పరచాలి. 50 కిలోల వెర్మిక్యులైట్‌లో 5 కిలోల శుద్ధి చేసిన మట్టిని కలిపి 20 సెంటీమీటర్ల ఎత్తు వరకు నింపాలి. పైనుండి 2 నుండి 5 సెంటీమీటర్ల లోతులో ఒక కిలో నాణ్యమైన మాతృ శిలీంధ్రపు ఎరువును పరచి, పైపొరను శుద్ధి చేసిన మొక్కజొన్న విత్తనాలను విత్తాలి. విత్తేటప్పుడు గుంతకు 2 గ్రాముల యూరియా, 2 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్, ఒక గ్రాము మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేసి, 30వ రోజున, 45వ రోజున 10 గ్రాముల చొప్పున యూరియా ఇవ్వాలి. సూపర్ ఫాస్ఫేట్ పరిమాణాన్ని గమనించాలి. ఇక్కడ చేయి జారితే మొక్కజొన్న ఏపుగా పెరుగుతుంది, శిలీంధ్రం పెరగదు. 60వ రోజున మొక్కలను మొదలు వరకు కోసివేసి, వేర్లను సన్నని ముక్కలుగా నరికి అదే మిశ్రమంలో కలిపితే సుమారు 55 కిలోల ఎరువు లభిస్తుంది. పై లెక్క ప్రకారం ఇది 13 ఎకరాలకు పైగా సరిపడే నారుకు చాలు. ఒక రైతుకు అంత అవసరం ఉండదు కనుక గ్రామంలో నలుగురైదుగురు రైతులు గాని, స్వయం సహాయక సంఘం గాని కలిసి ఒక గుంత నిర్వహించుకోవడం ఉచితం.

ఈ పద్ధతిలో ఒక ప్రమాదం కూడా ఉంది. మట్టిని సరిగా శుద్ధి చేయకపోతే వేరు శిలీంధ్రంతో పాటు నులిపురుగులు, తెగులు బీజాలు కూడా వృద్ధి చెంది నారుమడికి చేరుతాయి. టమాటా, వంగ, మిరప ఎండిపోయిన పొలాల మట్టిని ఇందుకు ఎట్టి పరిస్థితిలోనూ తీసుకోరాదు. ఆశ్రయ మొక్కగా టమాటాను కాక మొక్కజొన్నను ఎంచుకోవడంలోని ఉద్దేశం కూడా ఇదే.

బజారులో కొనేవారు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 కింద మైకోరైజాకు ప్రత్యేక ప్రమాణాలు ఉన్నాయని తెలుసుకోవాలి. గ్రాముకు కనీసం ఎన్ని జీవకణాలు ఉండాలన్నది వాటిలో ఒకటి. పొట్లంపై ఈ సంఖ్య, శిలీంధ్రం పేరు, తయారీ తేదీ, గడువు తేదీ లేనిదానిని తీసుకోకూడదు. హ్యూమిక్ ఆమ్లం, సముద్రపు నాచు రసం వంటి వాటిని కలిపి మైకోరైజా పేరుతో అమ్మే గుళికలు వేస్తే మొక్క పచ్చగా కనిపించవచ్చు. ఆ పచ్చదనం వేరులో శిలీంధ్రం ఉందనడానికి సాక్ష్యం కాదు.

ట్రైకోడెర్మాతో కలిపి వాడవచ్చునా

ట్రైకోడెర్మా కూడా మేలు చేసే శిలీంధ్రమే అయినా మైకోరైజా కాదు. అది మట్టిలోని సేంద్రియ పదార్థంపై స్వతంత్రంగా జీవిస్తుంది. తెగులు శిలీంధ్రాల పోగులను చుట్టుకొని వాటినే ఆహారంగా తీసుకుంటుంది. ఈ గుణాన్ని 1932లో వైండ్లింగ్ వెల్లడించారు. ఒకటి వేరు లోపలి కాపలా, మరొకటి వేరు బయటి గస్తీ అనుకోవచ్చు. రెండింటినీ కలిపినప్పుడు కొన్ని ప్రయోగాల్లో అదనపు మేలు కలిగింది. కొన్నింటిలో ట్రైకోడెర్మా మైకోరైజా వ్యాప్తిని తగ్గించింది. అందువల్ల రెండింటినీ ఒకే మడిలో ఒకే రోజున కలపడం కంటే, మైకోరైజాను నారుమడికి, ట్రైకోడెర్మాను ప్రధాన పొలానికి కేటాయించడం వివేకం. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా విరిడిని కలిపి, నీడలో తడి ఆరకుండా వారం పది రోజులు ఉంచి, బాగా వృద్ధి చెందిన తరువాత ఎకరం పొలంలో తేమ ఉన్నప్పుడు వేసే పద్ధతి రైతులకు ఇప్పటికే సుపరిచితం.

రసాయన మందుల విషయంలో స్పష్టత అవసరం. కార్బెండజిమ్ ఏ వర్గానికి చెందుతుందో అదే వర్గానికి చెందిన బెనొమిల్‌ను పరిశోధకులు మైకోరైజా లేని మొక్కలను పొందడానికి ప్రయోగాల్లో ఉపయోగించేవారు. దీనిని బట్టి నారుమడిలో కార్బెండజిమ్ పోస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. నారుకుళ్ళు కనిపించి మందు తప్పనిసరి అయినప్పుడు, పిథియం వర్గంపై పనిచేసే మెటలాక్సిల్ వంటివి మైకోరైజాకు అంతగా హాని చేయవు. అయినా ఎత్తైన మళ్ళు, పలుచని విత్తు, మితమైన నీరు ఉన్నచోట ఆ అవసరం అరుదుగానే వస్తుంది.

పొలంలో దానిని నిలుపుకోవడం

నారుతో వచ్చిన శిలీంధ్రం పొలంలో నిలవాలంటే భాస్వరం అదుపులో ఉండాలి. ఏటా రెండు మూడు పంటలు తీసే కూరగాయ భూముల్లో ప్రతి పంటకూ డి.ఎ.పి. వేయడం వల్ల భాస్వరం పేరుకుపోయింది. నేల పరీక్ష చేయించకుండా దుక్కిలో డి.ఎ.పి. వేసి, పక్కనే మైకోరైజా వాడటం ఒక చేత్తో పెట్టి మరొక చేత్తో తీసివేయడమే. పరీక్షలో భాస్వరం అధికంగా ఉన్నట్లు తేలితే దానిని తగ్గించడం వల్ల ఎరువు ఖర్చు ఆదా అవుతుంది. ఆ ఆదాతోనే నారుమడికి కావలసిన శిలీంధ్రం కొనవచ్చు.

పంటల వరుసకు కూడా ప్రాధాన్యం ఉంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవ మొక్కలు ఈ శిలీంధ్రాలకు ఆశ్రయం ఇవ్వవు. బీట్‌రూట్, పాలకూర కూడా అంతే. వీటికి మైకోరైజా వేయడం వృథా. ఇవి తీసిన మడిలో శిలీంధ్రం సంఖ్య తగ్గి ఉంటుంది కనుక, తరువాత వేసే టమాటా నారుకు మైకోరైజా మరింత అవసరం. దీర్ఘకాలం బీడుగా వదిలిన భూమిలోనూ ఇదే పరిస్థితి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నల్లరేగడి భూముల్లో చాలాకాలం బీడు ఉంచిన తరువాత వేసిన పంటలు భాస్వరం, జింకు లోపంతో పచ్చదనం కోల్పోయాయి. వేరు శిలీంధ్రాలు క్షీణించడమే కారణమని 1980లలో నిర్ధారించారు. జొన్న, మొక్కజొన్న, ఉల్లి, చిక్కుడు జాతి పంటలు వీటిని బాగా వృద్ధి చేస్తాయి. వీటిలో జొన్న, మొక్కజొన్న ఎండు తెగులు వచ్చిన టమాటా భూమిలో మార్పిడికి కూడా అనుకూలమైనవి.

ఎవరి పొలంలో ఎంత మేలు జరిగిందో తెలుసుకోవడానికి ఒక చిన్న ఏర్పాటు చాలు. పది మళ్ళలో ఒక మడి నారును మైకోరైజా లేకుండా పెంచి, అదే పొలంలో మధ్యన మూడు నాలుగు వరుసలుగా నాటి, గుర్తు కర్రలు పాతాలి. నాటిన నాలుగవ వారం నుండి ప్రతి వారం రెండు భాగాల్లోనూ వడలిన మొక్కలను లెక్కించి పుస్తకంలో రాయాలి. వడలిన ప్రతి మొక్క కాండాన్నీ గ్లాసు నీటిలో పరీక్షించి, బాక్టీరియా తెగులును విడిగా నమోదు చేయాలి. నాటే రోజున రెండు రకాల నారులోనూ పది మొక్కల చొప్పున సన్నని వేర్లు తీసి సమీపంలోని కృషి విజ్ఞాన కేంద్రానికి గాని, విశ్వవిద్యాలయ పరిశోధనా స్థానానికి గాని ఇస్తే, వేర్లకు రంగు వేసి సూక్ష్మదర్శినితో పరిశీలించి శిలీంధ్రం చేరిందో లేదో చెప్పగలరు. పంట చివరకు రెండు భాగాల మధ్య తేడా కనిపించకపోతే, ముందుగా చూడవలసినది ఆ వేర్ల ఫలితం. వేర్లలో శిలీంధ్రం లేకుంటే కొన్న పొట్లాన్ని, నారుమడికి ఇచ్చిన భాస్వరాన్ని, పోసిన మందును ఆ క్రమంలో విచారించాలి. వేర్లలో శిలీంధ్రం ఉండి కూడా మొక్కలు సమానంగా ఎండిపోయి ఉంటే, గ్లాసు పరీక్షలో పాల ధార ఎన్ని మొక్కల్లో వచ్చిందో ఆ పుస్తకంలోనే దొరుకుతుంది.